బయలుబడిలో ప్రకృతి విద్య

ప్రకృతి శాస్త్రములను అభ్యసించు విద్యార్థికి రెండు బడులు కలవు. మొదటిది నాలుగు గోడల నడుమ నుండును. అందు నల్లబల్ల, సూక్ష్మదర్శిని, పుస్తకములు ఉండును. రెండవది చెరువుగట్టు మీదను, పొలము గనిమల వెంటను, అడవి అంచునను ఉండును. అందు గోడలు లేవు, గంట మ్రోగదు. మొక్కను గుర్తించుట, పురుగును పట్టుట, చూచినదానిని చూచినచోటనే వ్రాసికొనుట, ఏ జీవులు ఎన్ని ఉన్నవో లెక్కించుట అను నేర్పులు ఈ రెండవ బడిలోనే అలవడును. జీవులకును వాటి పరిసరములకును గల సంబంధములను విచారించు జీవావరణ శాస్త్రమునకు ఈ నేర్పులే పునాది.

ఈ శాస్త్రమునకు పాశ్చాత్య భాషలలో ‘ఎకాలజీ’ అని పేరు పెట్టినవాడు జర్మనీ దేశీయుడగు ఎర్నెస్ట్ హెకెల్. అది 1866వ సంవత్సరపు మాట. కాని పేరు పుట్టుటకు నూరేండ్లకు ముందే ఆ శాస్త్రపు పనితనము విద్యార్థుల చేతులలో రూపొందుచుండెను. కళాశాలలలో చదువుచున్న యువకులు ఈ నేర్పులను ఎవరివద్ద, ఏ విధముగా నేర్చుకొనిరి? నేర్చినదానివలన శాస్త్రమునకు కలిగిన లాభమేమి? నేర్వనిదానివలన కలిగిన నష్టమేమి? ఈ ప్రశ్నలకు చరిత్రలో స్పష్టమైన సమాధానములు కలవు.

ఉప్సలా నడకలు

జీవులకు రెండేసి మాటల శాస్త్రీయ నామములు పెట్టు పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ పేరు మన విద్యార్థులందరికి తెలిసినదే. ఆయన 1741లో స్వీడన్ దేశమందలి ఉప్సలా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆయన పాఠములలో విద్యార్థులను ఎక్కువగా ఆకర్షించినవి తరగతి గదిలోని ఉపన్యాసములు కావు. పట్టణము చుట్టుప్రక్కల ఆయనతో కలిసి చేయు నడకలు. ఇందుకై ఆయన ఎనిమిది దారులను నిర్ణయించెను. ఒక్కొక్క దారిలో ఒక్కొక్క విధమైన నేల, ఒక్కొక్క విధమైన మొక్కలు కనబడును.

ఈ నడకలు ఉల్లాసముగా సాగినను అందొక క్రమము ఉండెను. చెప్పినదంతయు వ్రాసికొనుటకు ఒకరు, గుంపును అదుపులో ఉంచుటకు ఒకరు, పక్షులను కొట్టి తెచ్చుటకు ఒకరు ఏర్పాటు చేయబడుచుండిరి. విద్యార్థులు చెల్లాచెదరుగా తిరిగి మొక్కలను, పురుగులను ఏరి తెచ్చెడివారు. నిర్ణయించిన వేళకు అందరును గురువు చుట్టు చేరగా ఆయన ఒక్కొక్కదానిని చేత పట్టుకొని వివరించుచుండెను. సాయంకాలము కొమ్ములు ఊదుచు, నగారాలు మ్రోయించుచు వారు ఊరిలోనికి తిరిగివచ్చెడివారు. మొక్కను పుస్తకములోని బొమ్మగా గాక, అది పెరుగు నేలతోను, దాని ఇరుగుపొరుగు మొక్కలతోను కలిపి చూచుట అను అలవాటు ఈ నడకలవలన వారికి అబ్బెను.

ఆ శిష్యులలో కొందరు దూరదేశములకు ప్రయాణమై వెళ్ళిరి. వారిలో ఒకని కథ తెలుగునాటనే ముగిసినది. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనునతడు ఉప్సలాలో లిన్నేయస్ వద్ద చదివి, 1768లో తమిళదేశమందలి తరంగంబాడికి వైద్యుడుగా వచ్చెను. తరువాత ఆర్కాటు నవాబు కొలువులోను, 1778 నుండి ఈస్టిండియా కంపెనీ కొలువులోను ఉండి దక్షిణదేశపు మొక్కలను సేకరించెను. ఆయన 1785లో నేడు కాకినాడలో కలిసియున్న జగన్నాథపురమున మరణించెను. అప్పట్లో సమీపమందలి సామర్లకోటలో ఉండిన విలియం రాక్స్‌బర్గ్ ఆయన స్నేహితుడు. రాక్స్‌బర్గ్ ఆ ప్రాంతమున ఉండగా స్థానిక చిత్రకారులచేత సజీవమైన మొక్కలను ఎదుట ఉంచి బొమ్మలు వ్రాయించెను. ఆ కృషి ఫలితమే 300 చిత్రములతో 1795 మొదలు 1820 వరకు వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము.

మార్కులు లేని చదువు

లిన్నేయస్ కాలము గడచిన తరువాత, ఈ బయలుబడి విద్య యొక్క విలువను లోకమునకు అందరికంటె బాగుగా చూపిన విద్యార్థి చార్లెస్ డార్విన్. పదునారేండ్ల వయస్సున, 1825 అక్టోబరులో, ఆయన వైద్యము చదువుటకు ఎడింబరో చేరెను. మత్తుమందు లేని ఆ దినములలోని శస్త్రచికిత్సలను చూడలేక ఆ చదువును విడిచివేసెను. కాని ఆ రెండేండ్లు వ్యర్థము కాలేదు. దక్షిణ అమెరికాలోని గయానా ప్రాంతమునుండి వచ్చిన, బానిసత్వమునుండి విముక్తి పొందిన జాన్ ఎడ్మన్‌స్టన్ అను నల్లజాతీయుడు ఆ ఊరిలో పక్షుల చర్మములను ఒలిచి, కూరి, చెడకుండ నిలువచేయు పనిని నేర్పుచుండెను. దినమునకు ఒక గంట చొప్పున రెండు నెలలకు ఆయన తీసికొన్న రుసుము ఒక గినీ. డార్విన్ ఆయనవద్ద ఈ పనిని శ్రద్ధగా నేర్చుకొనెను. కొన్నియేండ్ల తరువాత వేల మైళ్ళ దూరమున ఆ విద్య అక్కరకు వచ్చెను.

రెండవ గురువు రాబర్ట్ గ్రాంట్. ఆయన వెంట డార్విన్ సముద్రపు పోటు తీసినప్పుడు రాళ్ళ నడుమ నిలిచిన నీటి గుంటలను వెదకుచుండెను. నాచువలె కనబడు ఫ్లస్ట్రా అను సముద్రజీవి యొక్క అండములని అందరును తలచునట్టి కణములు తమంతట తామే కదలునని ఆయన గమనించెను. ఒక సముద్రపు పాచి మొలకలని అనుకొనుచుండిన చిన్న ఉండలు నిజమునకు ఒక జలగ పెట్టిన గ్రుడ్ల తిత్తులని తెలిసికొనెను. 1827 మార్చి 27న ప్లీనియన్ సంఘమను విద్యార్థి సభలో ఈ విషయములను తెలియజేసెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిదేండ్లు.

1828 జనవరిలో డార్విన్ మతాచార్య వృత్తికి సిద్ధపడుటకై కేంబ్రిడ్జి వెళ్ళెను. ఆ విశ్వవిద్యాలయమున అప్పుడు ప్రకృతి శాస్త్రములలో పట్టపరీక్షయే లేదు. అట్టిది 1848లోగాని ఏర్పడలేదు. కావున వృక్షశాస్త్ర ఆచార్యుడగు జాన్ స్టీవెన్స్ హెన్‌స్లో పాఠములకు పోయినను, పోకున్నను విద్యార్థికి పరీక్షలో ఒక్క మార్కు కూడ కలిసిరాదు. ఐనను డార్విన్ వరుసగా మూడేండ్లు ఆ పాఠములకు వెళ్ళెను. హెన్‌స్లో విద్యార్థులను కాలినడకను, బండ్లపైని, కొన్ని వేళల నదిలో పడవమీద చిత్తడినేలలకు తీసికొనిపోవుచుండెను. దారిలో కనబడిన అరుదైన మొక్కను గాని జంతువును గాని చూపి, అది అక్కడనే ఏల ఉన్నదో చెప్పుచుండెను. డార్విన్ ఆయనను విడువక తిరుగుటచే, హెన్‌స్లోతో నడచువాడు అనునదే తోటివారు ఆయనకిచ్చిన గుర్తు.

హెన్‌స్లో హెర్బేరియమును తయారుచేయు పద్ధతి ప్రత్యేకమైనది. ఒక జాతికి ఒక మంచి మొక్కను ఎంచి అతికించుట నాటి సంగ్రహకుల అలవాటు. హెన్‌స్లో అట్లు గాక, ఒకే జాతి మొక్కలను అనేకము తెచ్చి, పొట్టివి, పొడుగువి, ఆకుల రూపములో తేడా గలవి ఒకే కాగితముపై వరుసగా అమర్చుచుండెను. ప్రతిదానికి దొరికిన చోటు, దినము, సేకరించినవారి పేరు వ్రాయుచుండెను. ఇట్లు ఆయన కూర్చిన కాగితములు 3,600కు పైగాను, వాటిపై మొక్కలు 10,000కు పైగాను కలవు. ఒక జాతిలో ఎంతవరకు వైవిధ్యము ఉండవచ్చును, ఎచ్చట ఒక జాతి ముగిసి మరియొక జాతి మొదలగును అనునది ఆయన ప్రశ్న. ఆ ప్రశ్న శిష్యునకు కూడ సంక్రమించెను.

కేంబ్రిడ్జిలో డార్విన్‌కు పెంకుపురుగులను సేకరించు వ్యసనము ఉండెను. ఒకనాడు చెట్టుబెరడును ఊడదీయగా రెండు అరుదైన పురుగులు కనబడెను, చేతికొకటిగా పట్టుకొనెను. అంతలో మూడవది కనబడెను. దానిని విడువలేక, కుడిచేతిలోని పురుగును నోటిలో వేసికొనెను. అది ఘాటైన ద్రవమును చిమ్మగా నాలుక మండి ఉమ్మివేయవలసి వచ్చెను; ఆ పురుగు పోయెను, మూడవదియు దక్కలేదు. ఉత్సాహముండిన చాలదు, చేతిలో డబ్బా, సీసా వంటి సాధనములు కూడ ఉండవలెనని ఈ కథవలన తెలియుచున్నది.

1831 ఆగస్టులో భూగర్భశాస్త్ర ఆచార్యుడు ఆడం సెడ్జ్‌విక్ వెంట ఆయన ఉత్తర వేల్స్ కొండలలో తిరిగెను. రాళ్ళ వాలును కొలుచుట, పొరలను పటముపై గుర్తించుట అచ్చట నేర్చెను. ఆ కొండలలో కుమ్ ఇద్వల్ అనుచోట పూర్వకాలపు హిమానీనదములు గీచిన గీతలు, విడిచిన బండలు కన్నులకు కట్టినట్లుండెను. గురుశిష్యులిద్దరును గంటలకొలది అచ్చట వెదకియు వాటిని గమనింపలేదు. హిమానీనదముల సిద్ధాంతము అప్పటికింకను ప్రచారములోనికి రాలేదు. మనస్సులో ప్రశ్న లేనిచో ఎదుట ఉన్న వస్తువు కూడ కంటికి ఆనదని డార్విన్ తరువాతి కాలమున ఈ సంగతిని తలచుకొని ఒప్పుకొనెను.

ఆ ప్రయాణమునుండి ఇంటికి రాగానే హెన్‌స్లో జాబు ఆయనకు అందెను. ‘బీగిల్’ నౌకలో ప్రకృతి పరిశీలకునిగా వెళ్ళుటకు డార్విన్‌ను తాను సిఫారసు చేసితినని అందుండెను. పూర్ణపండితుడని గాక, సేకరించుటకు, పరిశీలించుటకు, వ్రాయదగినదానిని వ్రాసికొనుటకు తగిన యోగ్యత కలవాడని గురువు ఆయనను మెచ్చుకొనెను. ఆ యోగ్యతయంతయు మార్కులు లేని చదువువలన వచ్చినదే.

చీటీ విలువ

బీగిల్ 1831 డిసెంబరు 27న బయలుదేరెను. గురువు పాఠము ఆ నౌకతో ముగిసిపోలేదు. డార్విన్ పెట్టెలలో పంపిన నమూనాలను కేంబ్రిడ్జిలో హెన్‌స్లో విప్పి చూచి, లోపములను జాబుల ద్వారా తెలుపుచుండెను. ఒక నమూనా మసిముద్దవలె ఉన్నదని, అదేమిటో చెప్పుమని 1833 జనవరిలో వ్రాసెను. మొక్కల తునకలను పంపక, వేరు, ఆకు, పువ్వు కలిగిన నిండు నమూనాలను పంపుమని హెచ్చరించెను. ఉపాధ్యాయుడు విద్యార్థి నోటు పుస్తకమును ఎఱ్ఱసిరాతో దిద్దినట్లే సముద్రములకు ఆవలనుండి ఈ దిద్దుబాటు జరిగినది.

1835 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో నౌక పసిఫిక్ మహాసముద్రమందలి గాలపాగస్ ద్వీపములను చేరెను. అచ్చట డార్విన్ నాలుగు ద్వీపములలో దిగి సేకరణ చేసెను. ఏ తాబేలు ఏ ద్వీపమునకు చెందినదో దాని డిప్పను చూచి చెప్పవచ్చునని అచ్చటి అధికారియగు లాసన్ ఆయనతో అనెను. ఆ మాటను డార్విన్ వెంటనే పట్టించుకొనలేదు. ఒకదానికొకటి కనుచూపు మేరలో ఉండి, ఒకే విధమైన రాతితో, ఒకే వాతావరణముతో ఉన్న ద్వీపములలో వేరువేరు జీవులు ఉండునని ఆయనకు తోచలేదు. అందుచే రెండు ద్వీపములలో పట్టిన పక్షులను కొంతవరకు కలిపివేసెను. ఫించ్ పిచ్చుకలలో అనేకమునకు ఏ ద్వీపములో దొరికినవో తెలుపు చీటీలు లేకపోయెను.

1837 జనవరిలో లండనులో పక్షిశాస్త్రజ్ఞుడగు జాన్ గౌల్డ్ ఆ పిచ్చుకలను పరీక్షించెను. వేరువేరు కుటుంబములకు చెందినవని డార్విన్ తలచిన పక్షులన్నియు దగ్గరి చుట్టరికము గల ఒకే గుంపులోని వేరువేరు జాతులని ఆయన తేల్చెను. వెంటనే ముఖ్యమైన ప్రశ్న వచ్చెను: ఏ జాతి ఏ ద్వీపమునకు చెందినది? దీనికి సమాధానము దొరికినచో జాతులు మార్పుచెందునను ఆలోచనకు బలమైన ఆధారము లభించును. ఆ సమాధానము వ్రాసియుండవలసిన చీటీలు లేవు. డార్విన్ నౌకాధిపతియగు ఫిట్జ్‌రాయ్‌ని, తన సేవకుడగు కవింగ్టన్‌ను, మరికొందరిని అడిగి వారు సేకరించిన పక్షులనుబట్టి ద్వీపములను ఊహింపవలసి వచ్చెను. శాస్త్రములో శిక్షణ పొందనివారు వ్రాసిన చీటీలు శాస్త్రజ్ఞుని చీటీలకంటె మేలుగా ఉండుట గమనింపదగినది.

ఐతే అన్ని సేకరణలకు ఈ గతి పట్టలేదు. మాకింగ్ పక్షులను ఆయన ద్వీపములవారీగా వేరుపరచెను. వాటిలో మూడు జాతులున్నవని గౌల్డ్ నిర్ణయించెను. మొక్కల విషయమున ఇంకను మేలు జరిగెను. పువ్వుతో కనబడిన ప్రతి మొక్కను ఏరి, ఏ ద్వీపపు మొక్కలను ఆ ద్వీపపు మొక్కలుగా విడివిడిగా ఉంచెను. పక్షులను కూరుటను ఎడ్మన్‌స్టన్ నేర్పెను. కాని మొక్కలకు చోటు, దినము వ్రాయు అలవాటును మూడేండ్లపాటు కన్నులార చూపినవాడు హెన్‌స్లో. ఈ మొక్కలను పదేండ్ల తరువాత జోసెఫ్ హూకర్ పరిశీలించెను. జేమ్స్ ద్వీపమున లభించిన 71 జాతులలో 38 జాతులు గాలపాగస్ ద్వీపములలో తప్ప లోకములో మరెచ్చటను లేవనియు, ఆ 38లో 30 జాతులు ఆ ఒక్క ద్వీపమునకే పరిమితములనియు ఆయన లెక్క తేల్చెను. 1845లో తన ప్రయాణ గ్రంథపు రెండవ కూర్పున డార్విన్ ఈ అంకెలను ప్రకటించెను. పిచ్చుకలు చెప్పలేకపోయిన విషయమును, చీటీలున్న మొక్కలు చెప్పగలిగినవి.

పిచ్చుకల కథకు ఆలస్యముగానైనను మంచి ముగింపు లభించినది. 1973 నుండి పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు విద్యార్థుల సహాయముతో డాఫ్నీ మేజర్ అను చిన్న ద్వీపమున ఆ పిచ్చుకలనే అనేక సంవత్సరములు పరిశీలించిరి. ప్రతి పక్షి కాలికి రంగు కడియములు తొడిగి, ముక్కును కొలిచి, దాని పుట్టుకను, చావును వ్రాసియుంచిరి. 1977 నాటి అనావృష్టిలో చిన్న గింజలు అయిపోయి, గట్టి గింజలను పగులగొట్టగల పెద్ద ముక్కు గల పక్షులే ఎక్కువగా బ్రతికినవని, తరువాతి తరమున ముక్కు సగటు పరిమాణము పెరిగినదని ఆ లెక్కలవలన తెలిసినది. ఒకనాడు కాగితముపై లేకపోయిన చీటీ నేడు పక్షి కాలికే చేరినది.

కంటి అంచనా, చేతి లెక్క

సేకరించుట, చీటీ వ్రాయుట నేర్చిన తరువాత మిగిలిన మెట్టు లెక్కించుట. ఈ మెట్టును కూడ విద్యార్థులే ఎక్కిరి. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్ర ఆచార్యుడగు చార్లెస్ బెస్సీ శిష్యులు ఒక సంఘముగా ఏర్పడి 1892లో ఆ రాష్ట్రపు మొక్కల సర్వేకు పూనుకొనిరి. ప్రెయిరీ అను ఆ విశాలమైన పచ్చికబయళ్ళు అప్పటికే నాగళ్ళ క్రింద వేగముగా మాయమగుచుండెను. ఆ శిష్యులలో ముఖ్యులు రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్. పౌండ్ తరువాత న్యాయశాస్త్రమున మహాపండితుడాయెను. క్లెమెంట్స్ జీవావరణ శాస్త్రమునకే జీవితమును అంకితము చేసెను.

ఏ మొక్క ఎక్కువ, ఏది తక్కువ అని వారు మొదట కంటితో చూచి అంచనా వేయుచుండిరి. కాని కన్ను మోసగించును. పెద్ద పువ్వులు పూయు మొక్క పదియున్నను నూరున్నట్లు తోచును. గడ్డిలో దాగిన చిన్న మొక్క నూరున్నను కనబడదు. ఈ లోపమును గుర్తించి వారు నేలపై ఐదు మీటర్ల భుజము గల చతురస్రములను గుర్తించి, అందలి మొక్కలను ఒక్కొక్కటిగా లెక్కించిరి. అంచనాలకును లెక్కలకును పొసగలేదు. 1898లో వారు ప్రకటించిన ఈ పద్ధతియే నేడు ‘క్వాడ్రాట్’ అను పేర కళాశాలలలో నేర్పబడుచున్నది. 1905లో క్లెమెంట్స్ వ్రాసిన పరిశోధన పద్ధతుల గ్రంథము దీనిని అంతటను వ్యాపింపజేసినది.

దీని లెక్క సులభమైనది. ఉదాహరణకు ఒక బీడులో మీటరు భుజము గల చతురస్రములను పది చోట్ల వేసితిమనుకొందము. గరిక తొమ్మిది చతురస్రములలో కనబడినచో దాని పౌనఃపున్యము నూటికి 90. తుమ్మి మొక్కలు రెండు చతురస్రములలోనే కనబడి, మొత్తము 40 ఉన్నవనుకొందము. దాని పౌనఃపున్యము నూటికి 20. సాంద్రత చదరపు మీటరుకు 4. అనగా తుమ్మి బీడంతట పరచుకొని లేదు, గుంపులుగా పెరుగుచున్నది. ఆ రెండు చోట్లనే ఏల? నీడయా, తేమయా, పశువులు మేయకుండుటయా? ఇచ్చట లెక్క ముగిసి శాస్త్రము మొదలగును. చతురస్రమును మనకు నచ్చినచోట వేసినచో ఫలితము మన ఇష్టమును తెలుపునేగాని బీడు స్థితిని తెలుపదు. కావున చోట్లను చీట్లు తీసియో, మరియొక విధముగనో పక్షపాతము లేకుండ ఎన్నుకొనవలెను.

బేర్ ద్వీపములో ఎవరు ఎవరిని తిందురు?

మొక్కలు కదలవు, వాటిని లెక్కించుట సాధ్యము. కదలు జంతువుల సంగతి యేమి? ఈ ప్రశ్నకు దారి చూపినవాడు చార్లెస్ ఎల్టన్ అను ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి. 1921లో ఆ విశ్వవిద్యాలయమునుండి ఉత్తర ధ్రువ ప్రాంతమందలి స్పిట్స్‌బెర్గెన్‌కు ఒక యాత్రాబృందము వెళ్ళెను. అధ్యాపకుడగు జూలియన్ హక్స్‌లీ ఎల్టన్‌ను అందులో చేర్చెను. ఎల్టన్‌కు అప్పటికింకను పట్టము రాలేదు. వయస్సు ఇరువదియొక్క సంవత్సరములు.

అచ్చట ఆయన సమ్మర్‌హేస్ అను వృక్షశాస్త్రజ్ఞునితో కలిసి పనిచేసెను. ఒకరు మొక్కలను, మరియొకరు జంతువులను ఒకే చోట చూచుటచే రెంటి సంబంధము బయటపడెను. మంచుదేశమున జీవజాతులు కొద్ది. మన అడవిలో ఒక చెట్టుపై ఉండు పురుగులను గుర్తించుటకే ఒక జీవితము చాలదు. బేర్ ద్వీపమున ఏ జంతువు దేనిని తినునో కొన్ని వారములలో చాలవరకు తెలిసికొనవచ్చును. సముద్రపక్షులు సముద్రములో ఆహారము తిని నేలపై రెట్ట వేయును. ఆ రెట్టలోని నత్రజని మొక్కలకు ఎరువగును. మొక్కలను, కుళ్ళిన పదార్థమును చిన్న పురుగులు తినును. పురుగులను సాలెపురుగులు, చిన్న పక్షులు తినును. పక్షులను, వాటి గ్రుడ్లను ధ్రువపు నక్క తినును. చలికాలమున ఆ నక్క ధ్రువపు ఎలుగుబంటి చంపిన సీలు మిగులును వెదకికొని తినును.

ఈ సంబంధములన్నిటిని బాణపు గుర్తులతో కలిపి గీచిన పటమును ఎల్టన్, సమ్మర్‌హేస్ 1923లో ప్రకటించిరి. నేడు ఉన్నత పాఠశాల పుస్తకములలో సైతము కనబడు ఆహార జాలకపు బొమ్మలకు అది ముఖ్యమైన పూర్వరూపము. 1927లో ఎల్టన్ వ్రాసిన ‘జంతు జీవావరణ శాస్త్రము’ అను గ్రంథము ఆహారపు గొలుసు, సంఖ్యల పిరమిడ్ అను భావములను లోకమునకు సుపరిచితము చేసెను. ఒక విద్యార్థి వేసవి సెలవులలో నేర్చిన పనినుండి ఒక శాస్త్రశాఖకే మూలసూత్రములు లభించినవి.

మన దేశమున

భారతదేశమున ఈ విద్యకు స్థిరమైన స్థానము కల్పించినవారిలో రామదేవ మిశ్రాగారు అగ్రగణ్యులు. 1908లో జన్మించిన ఆయన ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయమున పియర్సాల్ ఆచార్యునివద్ద 1937లో డాక్టరు పట్టము పొందిరి. అచ్చటి సరస్సులలో ఏ నీటిమొక్క ఏ విధమైన బురదలో పెరుగునో ఆయన పరిశోధించిరి. స్వదేశమునకు వచ్చి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జీవావరణ శాస్త్ర బోధనను, పరిశోధనను నెలకొల్పిరి. 1968లో ఆయన ప్రకటించిన జీవావరణ అభ్యాస గ్రంథము ఈ దేశపు విద్యార్థులకు క్షేత్రపు పనిని మెట్టుమెట్టుగా నేర్పినది. ఆయన పర్యవేక్షణలో ఏబదిమందికి పైగా డాక్టరు పట్టములు పొందిరి.

పాశ్చాత్యదేశపు పద్ధతిని ఇచ్చట ఉన్నదున్నట్లు వాడుట చాలదు. మన బీళ్ళు ఋతువుతో రూపు మార్చును. తొలకరికి మొలచిన అనేకమైన ఏకవార్షికములు సంక్రాంతి నాటికి ఎండి మాయమగును. వేసవిలో అదే నేల బోడిగా కనబడును. ఒక్కసారి వేసిన చతురస్రము ఒక్క ఋతువు సంగతినే చెప్పును. కావున వానకాలమున, చలికాలమున, ఎండకాలమున అదే చోట మరల మరల లెక్కించవలెను. ఋతుపవనముల దేశమున ఇది తప్పనిసరి.

నేటి విద్యార్థికి

నేడు చేతిలోని ఫోను ఫొటో తీయును, నిలిచిన చోటు అక్షాంశ రేఖాంశములను తెలుపును, మొక్క పేరును కూడ సూచించును. ఈ సహాయము చిన్నది కాదు. కాని ఫోను సూచించిన పేరు సరియైనదో కాదో నిర్ణయించుటకు పువ్వును, కాయను, ఆకుల అమరికను చూచు కన్ను ఉండవలెను. ఎచ్చట, ఎన్ని చతురస్రములు వేయవలెనో, ఏ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నామో ఫోను చెప్పదు.

కొన్నిచోట్ల హెర్బేరియము పరీక్షలో చూపించి మరచిపోవలసిన వస్తువుగా మారుచున్నది. ఒకరు సేకరించినదానిని మరియొకరు తమ పేర చూపుటయు కలదు. అట్టి కాగితముపై మొక్క ఉండునుగాని సత్యము ఉండదు. గాలపాగస్ పిచ్చుకలకు చీటీ లేకపోయినది. ఇచ్చట చీటీ ఉండియు అబద్ధము చెప్పును. రెండవది మొదటిదానికంటె హానికరము, ఏలయనగా లేని చీటీని ఎవరును నమ్మరు.

ఉపాధ్యాయుడు పూనుకొన్నచో ఉన్నత పాఠశాలలోనే ఈ విద్యను ప్రారంభింపవచ్చును. డార్విన్ గురువగు హెన్‌స్లోయే ఇందుకు సాక్షి. ఆయన తన చివరి ఇరువది యేండ్లకు పైగా హిచమ్ అను పల్లెలో మతాచార్యుడుగా ఉండి, అచ్చటి బడిపిల్లలకు వృక్షశాస్త్రము నేర్పెను. ఆ తరగతిలో చేరుటకు కఠినమైన శాస్త్రపదములను తప్పులేకుండ వ్రాయుట నేర్వవలసి ఉండెను; వ్యవసాయ కూలీల పిల్లలు వాటిని నేర్చి, తమ ఊరి మొక్కలను వెదకి తెచ్చిరి.

దీనికి కావలసిన సాధనములు కొద్ది: నాలుగు కర్రముక్కలు, నాలుగు మీటర్ల త్రాడు, ఒక నోటు పుస్తకము, ఒక పెన్సిలు. పెన్సిలు వ్రాత వానకు చెరగదు. ప్రతి నమూనాకు వరుస సంఖ్య, దినము, చోటు, పెరిగిన నేల స్వభావము, సేకరించినవారి పేరు అను ఐదు విషయములు అక్కడనే వ్రాయవలెను. ఇంటికి వచ్చి వ్రాయుదమనుకొన్నది మరపునకు వచ్చును. ఒకటి రెండే ఉన్న మొక్కను పెరుకరాదు, బొమ్మ గీచికొనిన చాలును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడిన పక్షులను, జంతువులను పట్టరాదు. దూరమునుండి చూచి లెక్కింపవచ్చును.

ఒక పాఠశాల విద్యార్థులు తమ ఊరి చెరువుగట్టుపై ఒకే చోట, ఏటేట అవే నెలలలో ఈ లెక్కను వ్రాసి భద్రపరచినచో, పదేండ్లకు అది ఆ చెరువు చరిత్ర యగును. ఏ మొక్క వచ్చినది, ఏది పోయినది, ఏ కొంగ రాక మానినది అను ప్రశ్నలకు తరువాత వచ్చు విద్యార్థులు దానిలో సమాధానము వెదకుకొందురు. వారికి ఆ పుస్తకమున మొట్టమొదట కావలసినవి తేదీయు, చోటును.